వేడికి దారి: కొత్త డెస్క్‌టాప్‌కు కూలర్, ఓవర్‌క్లాకింగ్ ఎంపిక

కంప్యూటర్ తీసుకున్న కరెంటంతా చివరికి వేడిగానే మారుతుంది. మోటారు నీళ్లు తోడుతుంది, బల్బు వెలుగిస్తుంది. ప్రాసెసర్ మాత్రం లెక్కలు చేస్తుంది, ఆ లెక్కలు కరెంటును తమలో దాచుకోవు. 150 వాట్లు లోపలికి వెళితే 150 వాట్ల వేడి బయటికి రావలసిందే. వీడియో ఎడిటింగ్ చేసినా, ఆటలాడినా, పరిశోధనకు లెక్కలు కట్టినా ఈ నియమానికి మినహాయింపు లేదు.

వేడి ఎంతన్నది ఒక ప్రశ్న, అది ఎంత చోటులోంచి పుడుతోందన్నది మరో ప్రశ్న. ఇస్త్రీపెట్టెనే తీసుకోండి. 1000 వాట్ల పెట్టెకు అడుగు పలక 200 చదరపు సెంటీమీటర్లు ఉందనుకుంటే, ఒక్కో చదరపు సెంటీమీటరు నుంచి 5 వాట్లు వస్తాయి. ఏఎండీ రైజెన్ 7 7700ఎక్స్‌లో 8 కోర్లు ఉన్న చిప్ ముక్క వైశాల్యం సుమారు 70 చదరపు మిల్లీమీటర్లు, అంటే చదరపు సెంటీమీటరులో మూడొంతులైనా లేదు. పూర్తి పనిలో దాన్నుంచి 100 వాట్లు వస్తే చదరపు సెంటీమీటరుకు 140 వాట్లు దాటుతుంది. బట్టలు నలిగితే సాపు చేసే పలక కంటే దాదాపు 30 రెట్లు ఎక్కువ సాంద్రత. అయినా ఆ చిప్ 95 డిగ్రీలు దాటకూడదు.

కొత్త డెస్క్‌టాప్ కొనేవాళ్లు కూలర్ గురించి సాధారణంగా చివర్లో ఆలోచిస్తారు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు, ర్యామ్ అయ్యాక మిగిలిన డబ్బులో ఏదో ఒకటి తగిలిస్తారు. నా అభిప్రాయంలో ఈ వరుస తిరగబడాలి. మీ గదిలో మే నెల మధ్యాహ్నం ఎంత వేడిని బయటికి పంపగలరో ముందు తేల్చుకుంటే, ఏ ప్రాసెసర్ కొనాలో, దాన్ని ఎంత వేగంగా నడపాలో ఆ లెక్కే చాలావరకు చెబుతుంది.

వేడి ఎక్కడ పుడుతుంది

చిప్‌లోని కోట్ల ట్రాన్సిస్టర్లు స్విచ్చుల్లా తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి. ప్రతిసారీ కొంత విద్యుదావేశం నిండి, ఖాళీ అవుతుంది. అలా ఖర్చయ్యే శక్తి గడియార వేగంతో పాటు పెరుగుతుంది, వోల్టేజీ వర్గంతో పాటు కూడా పెరుగుతుంది. అసలు కీలకం ఈ వర్గంలోనే ఉంది.

వేగాన్ని 10 శాతం పెంచాలనుకుందాం. తక్కువ సమయంలో ఆవేశం నిండాలి కాబట్టి వోల్టేజీ కూడా పెంచాలి. అదీ 10 శాతమే పెరిగిందనుకుంటే, వేడి 1.1ను మూడుసార్లు హెచ్చవేసినంత, అంటే 33 శాతం పెరుగుతుంది. పనిలో పదో వంతు లాభానికి వేడిలో మూడో వంతు భారం. ఇదే సూత్రాన్ని వెనక్కి నడిపి చూడండి. వేగం మార్చకుండా వోల్టేజీని 10 శాతం తగ్గించగలిగితే వేడి 19 శాతం తగ్గుతుంది. పనిలో నష్టం లేదు. ఈ అధ్యాయంలో ముందు ముందు చెప్పబోయే సలహాలన్నిటికీ మూలం ఈ రెండు లెక్కలే.

దీనికి తోడు ఆఫ్‌లో ఉన్న స్విచ్చుల్లోంచి కూడా కొంత కరెంటు కారిపోతూ ఉంటుంది. చిప్ వేడెక్కిన కొద్దీ ఆ లీకేజీ పెరుగుతుంది, లీకేజీ పెరిగితే మళ్లీ వేడి పెరుగుతుంది. చల్లగా ఉన్న చిప్ అదే పనిని కాస్త తక్కువ కరెంటుతో చేయడానికి కారణం ఇదే.

ఒకప్పుడు ఈ బాధ ఇంతగా లేదు. ఐబీఎంలో పనిచేసిన రాబర్ట్ డెనార్డ్, ఆయన సహచరులు 1974లో ఒక సూత్రం చెప్పారు. ట్రాన్సిస్టర్ కొలతలతో పాటు వోల్టేజీనీ అదే నిష్పత్తిలో తగ్గిస్తూ పోతే, చదరపు మిల్లీమీటరుకు పుట్టే వేడి పెరగకుండానే వేగం పెరుగుతుందని. సుమారు 30 ఏళ్లు పరిశ్రమ ఆ దారినే నడిచింది. 2000 తర్వాత లీకేజీ అడ్డుపడి వోల్టేజీ తగ్గడం మందగించింది. 2004లో పెంటియం 4 వేగం 3.8 గిగాహెర్ట్జ్ దగ్గర ఆగింది, 4 గిగాహెర్ట్జ్ రకాన్ని ఇంటెల్ విడుదలకు ముందే రద్దు చేసింది. ఆ తర్వాత కంపెనీలు ఒకే కోర్‌ను పరుగెత్తించడం మాని కోర్ల సంఖ్య పెంచే దారి పట్టాయి. ఈనాటి మన కూలర్ సమస్య అక్కడ మొదలైంది.

ఫ్యాక్టరీ వదిలిన వేగం

ఓవర్‌క్లాకింగ్ అంటే కంపెనీ నిర్ణయించిన దానికంటే ఎక్కువ గడియార వేగంతో చిప్‌ను నడపడం. దానికి ఒక వైభవ కాలం ఉండేది. 1998లో వచ్చిన ఇంటెల్ సెలెరాన్ 300ఏ చవక చిప్. 66.7 మెగాహెర్ట్జ్ బస్ వేగాన్ని 4.5తో గుణిస్తే దాని 300 మెగాహెర్ట్జ్ వచ్చేది. మదర్‌బోర్డులో బస్‌ను 100కు మార్చగానే అదే చిప్ 450 మెగాహెర్ట్జ్ వేగం అందుకునేది, చాలా చిప్‌లు దాన్ని తట్టుకునేవి కూడా. ఒక్క మార్పుతో 50 శాతం లాభం. 2011లో కోర్ ఐ7-2600కె వచ్చింది. పేరు చివర ‘కె’ ఉన్న చిప్‌లలో గుణకాన్ని మనమే మార్చుకోవచ్చు. 3.8 గిగాహెర్ట్జ్ టర్బో ఉన్న ఆ చిప్‌ను మంచి గాలి కూలర్‌తో 4.5 దాకా నడిపినవాళ్లు ఎందరో.

అంత లాభం ఎందుకు మిగిలి ఉండేదంటే, కంపెనీ ప్రతి చిప్‌నూ బలహీనమైన చిప్ కూడా తట్టుకునే వేగానికే అమ్మేది. మిగిలిన సత్తా కొన్నవాడి చేతికి దక్కేది. ఇప్పుడు చిప్ తన ఉష్ణోగ్రతను, కరెంటును, వోల్టేజీని క్షణక్షణం కొలుచుకుంటూ వీలైనంత వేగాన్ని తానే అందుకుంటుంది. 2022లో వచ్చిన కోర్ ఐ9-13900కె పెట్టెలోంచి తీయగానే 5.8 గిగాహెర్ట్జ్ దాకా వెళుతుంది, అందుకు 253 వాట్ల వరకు తీసుకుంటుంది. రైజెన్ 9 7950ఎక్స్ అయితే పూర్తి బరువు మీద 95 డిగ్రీలు చేరుకుని అక్కడే నిలబడి పనిచేసేలా తయారైంది. పాత రోజుల్లో మనం చేసిన ఓవర్‌క్లాకింగ్‌ను ఇప్పుడు ఫ్యాక్టరీయే చేసి అమ్ముతోంది.

అతిశీతల ద్రవాల సాయంతో 9 గిగాహెర్ట్జ్ దాటినవాళ్లూ ఉన్నారు. ద్రవ నైట్రోజన్ మైనస్ 196 డిగ్రీల దగ్గర మరుగుతుంది, దాన్ని చిప్ మీది రాగి గిన్నెలో నిమిషం నిమిషం పోస్తూనే ఉండాలి. రికార్డుకు అది సరిపోతుంది కానీ రోజువారీ పనికి ఆ దారి లేదు. ఇంట్లో వాడుకునే మనిషికి చేత్తో చేసే ఓవర్‌క్లాకింగ్ వల్ల ఇప్పుడు మిగిలే లాభం చాలాసార్లు 5 శాతం లోపే. ఆటల్లో గ్రాఫిక్స్ కార్డే అడ్డుగా నిలిస్తే ఆ కాస్త లాభం కూడా తెర మీద కనబడదు.

చిప్ నుంచి గది గాలి దాకా

ట్రాన్సిస్టర్ల దగ్గర పుట్టిన వేడి ముందు సిలికాన్ దాటాలి, తర్వాత చిప్‌కూ లోహపు మూతకూ మధ్య ఉన్న అతుకును, ఆ మూతను, దాని మీది థర్మల్ పేస్ట్‌ను, కూలర్ అడుగును దాటుకుని చివరికి రెక్కల మీదుగా గాలిలో కలవాలి. దారిలో ఎక్కడ ఇరుకుంటే అక్కడ ఉష్ణోగ్రత ఎక్కువగా పడిపోతుంది, అంటే దానికి ఇవతల ఉన్న చిప్ అంత వేడిగా ఉంటుంది.

రెండు లోహపు పలకలు నున్నగా కనిపించినా ఆనుకున్నప్పుడు సూక్ష్మమైన ఖాళీలు మిగులుతాయి. వాటిలో గాలి ఉంటే వేడి నడవదు. గాలి ఉష్ణవాహకత 0.026, మంచి పేస్ట్‌ది సుమారు 5 నుంచి 10, రాగిది 400. ఈ అంకెలు పేస్ట్ పాత్ర ఏమిటో స్పష్టంగా చెబుతాయి. గాలి ఉండే చోట పేస్ట్ ఉంటే వందల రెట్లు మేలు, రాగి ఆనుకునే చోట పేస్ట్ మందంగా ఉంటే నష్టం. అందుకే చిన్న చుక్క పెట్టి, కూలర్ మరలను ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగిస్తే చాలు, ఒత్తిడికి అదే పరుచుకుంటుంది. కూలర్ అడుగున అంటించి వచ్చే పలుచని ప్లాస్టిక్ పొరను తీసేశారో లేదో ఇంకోసారి చూసుకోండి. దాన్ని వదిలేస్తే ఎంత ఖరీదైన కూలరూ పనిచేయదు. గాలియం కలిసిన ద్రవ లోహాన్ని వాడదలచుకుంటే, అది అల్యూమినియాన్ని తినేస్తుందని మరవకండి. రాగి, నికెల్ పూత ఉన్న అడుగులకే అది పనికొస్తుంది.

కూలర్‌లోని రాగి గొట్టాలు ఘనమైన కడ్డీలు కావు, బోలుగా ఉంటాయి. అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో జార్జ్ గ్రోవర్ 1963లో రూపొందించిన హీట్ పైప్ ఇదే. గొట్టంలోంచి గాలి తీసేసి కొద్దిగా నీళ్లు పోసి మూసేస్తారు. ఒత్తిడి తక్కువ కాబట్టి నీళ్లు 100 డిగ్రీల కంటే చాలా ముందే ఆవిరవుతాయి. ఆవిరి చల్లటి కొసకు పరుగెత్తి, అక్కడ మళ్లీ నీరై, గొట్టం లోపలి గోడకు ఉన్న గరుకు రాగి పొర గుండా పాకుతూ వెనక్కి వస్తుంది. ఒక గ్రాము నీరు ఆవిరైతే సుమారు 2400 జౌళ్లు మోసుకెళుతుంది. 100 వాట్ల వేడిని తరలించడానికి గొట్టాలన్నిటిలో కలిపి సెకనుకు గ్రాములో ఇరవై నాలుగో వంతు నీరు ఆవిరైతే చాలు. మోటారు లేదు, అరిగే భాగం లేదు. మంచి టవర్ కూలర్ ఏళ్ల తరబడి నమ్మకంగా పనిచేయడానికి ఈ అందమైన భౌతికశాస్త్రమే కారణం.

మే నెల లెక్క

ఈ దారి మొత్తాన్ని ఒకే అంకెలో చెప్పవచ్చు. ఒక్కో వాటుకు చిప్ ఉష్ణోగ్రత గాలి కంటే ఎన్ని డిగ్రీలు పెరుగుతుందన్నదే ఆ అంకె. దాన్ని ఉష్ణ నిరోధం అంటారు. ఉదాహరణకు వాటుకు 0.25 డిగ్రీల నిరోధం ఉన్న ఏర్పాటు తీసుకుందాం. పైన చెప్పిన కోర్ ఐ9-13900కె 253 వాట్ల దగ్గర తన చుట్టూ ఉన్న గాలి కంటే 63 డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుంది. గది 25 డిగ్రీలుంటే చిప్ 88 దగ్గర ఆగుతుంది, అంతా బాగుంది. రామగుండంలోనో రెంటచింతలలోనో వేసవిలో ఏసీ లేని గది 40 డిగ్రీలుంటే చిప్ 103కు చేరాలి. కానీ దాని హద్దు 100. అప్పుడు చిప్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. మీరు డబ్బు పెట్టి కొన్న వేగం వేసవిలో దొరకదు.

అదే చిప్‌ను బయోస్‌లో 180 వాట్లకు పరిమితం చేస్తే 45 డిగ్రీలే పెరుగుతుంది. 40 డిగ్రీల గదిలోనూ 85 దగ్గర హాయిగా ఉంటుంది. ముందు చెప్పిన ఘన సూత్రం ప్రకారం వేగంలో పోయేది సుమారు 11 శాతం. వేడిలో తగ్గింది 29 శాతం.

ఇంటర్నెట్‌లో కనిపించే కూలర్ పరీక్షలు ఎక్కువగా 20 నుంచి 25 డిగ్రీల గదుల్లో చేసినవి. ఆ అంకెలు చూసేటప్పుడు మీ గదికీ వాళ్ల గదికీ ఉన్న తేడాను కలుపుకోండి. గాలి కూలరైనా నీటి కూలరైనా గది గాలి కంటే చిప్‌ను చల్లబరచలేవు. ఏసీ గదిలో పెడితే ఆ వేడి భారం ఏసీ మీద పడుతుంది. ఒక టన్ను ఏసీ సుమారు 3500 వాట్ల వేడిని తోడుతుంది, 500 వాట్లు తినే కంప్యూటర్ అందులో ఏడో వంతు ఒక్కటే తీసుకుంటుంది.

గాలా, నీళ్లా

ద్రవంతో చల్లబరచడం కొత్త సంగతేమీ కాదు. 1985లో వచ్చిన క్రే-2 సూపర్ కంప్యూటర్ బోర్డులను విద్యుత్తు పారని ప్రత్యేక ద్రవంలో పూర్తిగా ముంచి ఉంచేవారు. ఇప్పటి డెస్క్‌టాప్ లిక్విడ్ కూలర్లలో చిప్ మీద రాగి పలక, దానికో చిన్న పంపు, రెండు గొట్టాలు, రెక్కల రేడియేటర్ ఉంటాయి. నిమిషానికి ఒక లీటరు నీరు తిరిగితే 250 వాట్ల వేడికి ఆ నీరు 3.6 డిగ్రీలే వేడెక్కుతుంది. నీరు అంత సులభంగా వేడిని మోస్తుంది కాబట్టి చిప్ దగ్గర కుదరనంత పెద్ద రెక్కల వైశాల్యాన్ని క్యాబినెట్ పైభాగానికి తరలించవచ్చు. లిక్విడ్ కూలర్ అసలు బలం ఈ వైశాల్యమే. 120 మిల్లీమీటర్ల రేడియేటర్ ఉన్న లిక్విడ్ కూలర్ కంటే మంచి టవర్ కూలర్ చాలాసార్లు మేలు. 240, 280, 360 సైజులకు వచ్చేసరికి నీళ్లకు ఆధిక్యం వస్తుంది.

నీళ్లకు మరో గుణం ఉంది. అవి నెమ్మదిగా వేడెక్కుతాయి. ఐదు నిమిషాల పరీక్షలో చాలా చల్లగా కనిపించిన లిక్విడ్ కూలర్ అరగంట వీడియో రెండరింగ్‌లో అంత చల్లగా ఉండదు. అందుకని అంకెలను ఉష్ణోగ్రత నిలకడకు వచ్చాక చూడాలి.

నష్టాలూ చూడాలి. పంపు అరుగుతుంది, గొట్టాల గుండా ఏళ్ల మీద కొంత నీరు ఇంకిపోతుంది, ఆ చోటును గాలి ఆక్రమిస్తుంది. ఆ గాలి ఎప్పుడూ ఎత్తైన చోటుకే చేరుతుంది కాబట్టి రేడియేటర్ పైఅంచు పంపు కంటే ఎత్తులో ఉండేలా బిగించాలి. పంపే అన్నిటికన్నా ఎత్తులో ఉంటే గాలి దానిలో చేరి గరగర శబ్దం చేస్తుంది, త్వరగా పాడవుతుంది. టవర్ కూలర్ ఫ్యాను పాడైతే కొత్త ఫ్యాను తగిలించి కొనసాగవచ్చు, లిక్విడ్ కూలర్ పంపు పాడైతే మొత్తం మార్చాల్సిందే.

క్యాబినెట్, దుమ్ము, చప్పుడు

కూలర్ రెక్కలు పీల్చేది గది గాలిని కాదు, క్యాబినెట్ లోపలి గాలిని. అందులో గ్రాఫిక్స్ కార్డు వేడి కూడా కలుస్తుంది. ఆర్‌టీఎక్స్ 4070కి 200 వాట్లు, 4090కి 450 వాట్లు. లోపల మొత్తం 400 వాట్లు పుడుతుంటే, లోపలి గాలి గది కంటే 10 డిగ్రీలు మించకుండా ఉండాలంటే సెకనుకు సుమారు 33 లీటర్ల గాలి మారాలి. ముందు అద్దం పలకతో మూసేసిన క్యాబినెట్‌లో ఇది కష్టం. జాలీ ముఖం, ముందు రెండు మూడు ఫ్యాన్లు లోపలికి, వెనకా పైనా బయటికి. ఈ ఏర్పాటు ఉన్న మామూలు క్యాబినెట్ ముందు రంగురంగుల లైట్లున్న మూసిన క్యాబినెట్ నిలవదు.

లోపలికి వచ్చే గాలి బయటికి పోయే గాలి కంటే కాస్త ఎక్కువుంటే దుమ్ము జాలీల గుండానే వస్తుంది, సందుల్లోంచి రాదు. మన ఊళ్ల దుమ్ముకు ఈ జాగ్రత్త ఎంతో అవసరం. జాలీలను నెలకోసారి తుడవండి. రెక్కల మధ్య పేరుకున్న దుమ్ము ఏ కూలర్‌నైనా ఓడిస్తుంది.

ఫ్యాను వేగం రెట్టింపు చేస్తే గాలి రెట్టింపవుతుంది, చప్పుడు మాత్రం సుమారు 15 డెసిబెల్స్ పెరుగుతుంది, ఫ్యాను తినే కరెంటు ఎనిమిది రెట్లవుతుంది. అందుకే వేగంగా తిరిగే ఒక చిన్న ఫ్యాను కంటే నెమ్మదిగా తిరిగే పెద్ద ఫ్యాన్లు మేలు.

ఏ ప్రాసెసర్‌కు ఏ కూలర్

రైజెన్ 5 7600 లాంటి 65 వాట్ల తరగతి చిప్‌తో పెట్టెలోనే కూలర్ వస్తుంది. అసలు గరిష్ఠం 88 వాట్లు. రాతపనికీ చదువుకూ అది సరిపోతుంది. వేసవిలో చప్పుడు తగ్గాలంటే నాలుగు హీట్ పైపులున్న టవర్ ఒకటి పెట్టుకోండి, చాలు.

ఆటలకు పేరుపడ్డ రైజెన్ 7 7800ఎక్స్‌3డీ మంచి పాఠం. ఇందులో అదనపు క్యాష్ మెమరీని కోర్లున్న చిప్ ముక్క మీద పేర్చారు, వేడి ఆ అదనపు పొరను దాటుకుని రావాలి. అందుకే హద్దు 89 డిగ్రీలు, గుణకం మార్చే వీలు లేదు. 2024లో వచ్చిన 9800ఎక్స్‌3డీలో ఆ క్యాష్‌ను కోర్ల కిందికి మార్చారు. వేడికి దారి తెరుచుకుంది, వేగమూ పెరిగింది, ఓవర్‌క్లాకింగ్‌కూ అనుమతి వచ్చింది. ఇవి ఆటల్లో తీసుకునే కరెంటు తక్కువే కాబట్టి రెండు ఫ్యాన్ల టవర్‌తో చక్కగా నడుస్తాయి.

250 వాట్ల తరగతి చిప్‌ను గంటల తరబడి పూర్తి బరువు మీద నడిపేవాళ్లకు 360 సైజు లిక్విడ్ కూలర్‌కు అర్థం ఉంది. సికింద్రాబాద్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్ లాంటి చోట సిస్టమ్ అసెంబుల్ చేయించుకునేటప్పుడు మూడు కొలతలు అడగండి: క్యాబినెట్ ఎంత ఎత్తు కూలర్‌ను పట్టనిస్తుంది, ర్యామ్ కూలర్ ఫ్యానుకు తగులుతుందా, పైన రేడియేటర్‌కు ఎంత చోటు ఉంది.

వోల్టేజీ తగ్గించి వేగం పెంచడం

ఓవర్‌క్లాకింగ్ చేయాలనుకుంటే మదర్‌బోర్డు ముందే చూసుకోవాలి. ఇంటెల్‌లో ‘కె’ చిప్‌కు జెడ్ శ్రేణి బోర్డు ఉండాలి. ఏఎండీలో బీ650 బోర్డు కూడా అనుమతిస్తుంది, ఏ620 అనుమతించదు. ఓవర్‌క్లాకింగ్ వల్ల కలిగే నష్టం వారంటీలోకి రాదని రెండు కంపెనీల షరతుల్లోనూ ఉంటుంది.

ఇప్పటి రోజుల్లో అన్నిటికన్నా తెలివైన పద్ధతి వోల్టేజీని తగ్గించడం. ఏఎండీ కర్వ్ ఆప్టిమైజర్‌లో ఒక్కో వేగానికి చిప్ అడిగే వోల్టేజీని కాస్త కాస్త కిందికి జరపవచ్చు. వేడి తగ్గుతుంది, మిగిలిన చోటును చిప్ తానే వేగంగా మార్చుకుంటుంది. గ్రాఫిక్స్ కార్డుకూ కరెంటు హద్దు కొంచెం తగ్గిస్తే నష్టం స్వల్పం, చల్లదనం ఎక్కువ. ర్యామ్‌కు ఎక్స్‌పో లేదా ఎక్స్‌ఎంపీ అనే వేగ అమరికను ఆన్ చేయడం కూడా ఒక రకం ఓవర్‌క్లాకింగే. రైజెన్ 7000కు అధికారికంగా చెప్పిన ర్యామ్ వేగం 5200, చాలామంది వాడేది 6000.

వోల్టేజీ పెంచేవాళ్లు 2024 పాఠాన్ని గుర్తుంచుకోవాలి. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ చిప్‌లు కొన్ని కాలక్రమంలో అస్థిరంగా మారాయి. మైక్రోకోడ్ అవసరానికి మించిన వోల్టేజీ అడగడం ప్రధాన కారణాల్లో ఒకటని ఇంటెల్ ప్రకటించి, దిద్దుబాట్లు విడుదల చేసి, వారంటీని రెండేళ్లు పొడిగించింది. ఎక్కువ వోల్టేజీ, ఎక్కువ వేడి కలిస్తే చిప్‌కు జరిగే హాని నెమ్మదిగా బయటపడుతుంది, తిరిగి బాగుపడదు. ఆ తరం చిప్ ఉన్నవాళ్లు ముందు బయోస్ తాజా చేసుకోవాలి.

ఏ మార్పు చేసినా ఒక్కసారి ఒక్కటే చేయండి. సినీబెంచ్‌ను అరగంట వరసగా నడిపి, ఉష్ణోగ్రతను హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో చూడండి. తర్వాత ప్రైమ్95 లాంటి కఠిన పరీక్ష పెట్టండి. కంప్యూటర్ ఆగిపోకపోయినా సరే, విండోస్ ఈవెంట్ లాగ్‌లో హార్డ్‌వేర్ లోపాలు కనిపిస్తే ఆ అమరిక పనికిరాదు. తప్పుడు లెక్క చేసి కూడా నడుస్తున్న కంప్యూటర్ ఆగిపోయే కంప్యూటర్ కంటే ప్రమాదకరం, ఎందుకంటే అది మీ ఫొటోలను, ఖాతాలను చడీచప్పుడు లేకుండా పాడుచేస్తుంది.

డబ్బు పంచే వరుస కూడా ఇక్కడ తేలిపోతుంది. మొదట గాలి ధారాళంగా ఆడే క్యాబినెట్, తర్వాత చిప్‌కు సరిపడే కూలర్, తర్వాత మంచి ఎస్‌ఎంపీఎస్, ఆ తర్వాతే ఓవర్‌క్లాకింగ్ బోర్డు మీద పెట్టే అదనం. శీతాకాలంలో చేసిన అమరికను ఏప్రిల్ చివర మరోసారి పరీక్షించండి. ఆ వేడిలోనూ తప్పు లేకుండా, వేగం తగ్గకుండా నడిచిన అమరికనే మీ కంప్యూటర్ నిజమైన వేగంగా లెక్కించుకోండి. మిగిలిన అంకెలన్నీ కాగితం మీదివే.